ఇంట్లోనే పెద్ద ఫొటోల ముద్రణ: ప్రింటర్ ధరను మించిన లెక్కలు

తాతల నాటి నలుపు తెలుపు ఛాయాచిత్రాన్ని పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి హాలులో తగిలించుకోవడం మన ఇళ్లలో పాత అలవాటే. ఒకప్పుడు ఇందుకు ఊళ్లోని స్టూడియోయే దిక్కు. ఇప్పుడు ఆ పనిని ఇంట్లోనే చేసుకోవాలన్న ఉత్సాహంతో పెద్ద కాగితం పట్టే ప్రింటర్ల కోసం వెదికేవారు కనిపిస్తున్నారు. దుకాణంలో వారు మొదట అడిగేది యంత్రం ధర. అయితే అసలు ఖర్చు ఆ తరువాతే మొదలవుతుంది.

ముందుగా పరిమాణం సంగతి. ఇళ్లలో సాధారణంగా కనిపించే ప్రింటర్లు ఏ4 కాగితాన్ని మాత్రమే తీసుకుంటాయి. ఏ3 దానికి రెట్టింపు. ఛాయాచిత్రాల అభిరుచి గలవారు కోరుకునేది ఏ3 ప్లస్, అంటే 13 అంగుళాల వెడల్పు, 19 అంగుళాల పొడవు. 17, 24 అంగుళాల వెడల్పు గల యంత్రాలు కూడా ఉన్నాయి గానీ, వాటి ధర, బరువు, సిరా వాడకం వృత్తిగా చేసేవారికే గిట్టుబాటవుతాయి. మధ్యతరగతి గృహానికి ఏ3 ప్లస్ చాలు.

సిరా విషయంలో రెండు దారులున్నాయి. ఒకటి సీసాతో సిరా పోసుకునే ఇంక్ ట్యాంక్ యంత్రం. ఎప్సన్ ఎల్1800 ఈ కోవలోనిది. ఆరు రంగుల సిరా, ఒక్కో సీసాలో 70 మిల్లీలీటర్లు. రెండవది కార్ట్రిడ్జ్‌లు మార్చే యంత్రం. కేనన్ పిక్స్మా ప్రో-200లో ఎనిమిది రంగులు ఉంటాయి, కానీ ఒక్కో కార్ట్రిడ్జ్‌లో ఉండేది 12.6 మిల్లీలీటర్లే. ఒక సీసా సిరా ఇటువంటి ఐదు కార్ట్రిడ్జ్‌లకు మించినదన్నమాట. పొదుపు ఎటువైపున ఉన్నదో వేరే చెప్పనక్కరలేదు.

అయినా ఇక్కడొక మెలిక ఉంది. ఆ ఎనిమిది రంగుల్లో బూడిద రంగు, లేత బూడిద రంగు కూడా ఉన్నాయి. ఆరు రంగుల యంత్రంలో అవి లేవు. బూడిద ఛాయను అది మిగిలిన రంగులను కలిపి తయారు చేసుకోవాలి. అందువల్ల నలుపు తెలుపు చిత్రంలో ఒక్కోసారి పచ్చదనమో, గులాబీ ఛాయో తొంగిచూస్తుంది. పెళ్లి ఫొటోలు, ప్రకృతి దృశ్యాలు ముద్రించుకునేవారికి ఇది పెద్ద లోపం కాదు. తాతగారి చిత్రం కోసమే యంత్రం కొనేవారికి మాత్రం ఇదే ప్రధానమైన ప్రశ్న.

కార్యాలయాల కోసం తయారైన నాలుగు రంగుల ఏ3 యంత్రాలు చౌకగా దొరుకుతాయి. వాటిలో చాలావాటిలో నల్ల సిరా సాదా కాగితంపై అక్షరాల కోసం ఉద్దేశించినది. నిగనిగలాడే ఫొటో కాగితం పెట్టగానే యంత్రం ఆ నలుపును పక్కన పెట్టి, మిగిలిన మూడు రంగులతో నలుపును సృష్టిస్తుంది. జుట్టు, నీడలు వెలవెలబోతాయి. ధర చూసి ఇటు మొగ్గడం మంచిది కాదని నా అభిప్రాయం.

మన్నికకు వస్తే, సిరాలో డై, పిగ్మెంట్ అని రెండు రకాలు. డై కాగితపు పూతలోకి ఇంకి రంగులను ప్రకాశవంతంగా చూపుతుంది, కానీ ఎండకు, గాలికి త్వరగా వెలుస్తుంది. పిగ్మెంట్ సూక్ష్మ రేణువుల రూపంలో ఉంటుంది, వెలుతురును, తేమను ఎక్కువగా తట్టుకుంటుంది. అటువంటి యంత్రాల ధర కూడా ఎక్కువే. పైన చెప్పిన రెండు యంత్రాలూ డై సిరావే. వాటితో ముద్రించిన చిత్రాన్ని అద్దం బిగించి, ఎండ పడని గోడకు తగిలించాలి.

ఇంక్‌జెట్ యంత్రాన్ని మూలన పెడితే పాడవుతుంది. వాడకం లేకపోతే, ముఖ్యంగా వేసవిలో, సిరా చిమ్మే సన్నని రంధ్రాలు ఎండి మూసుకుపోతాయి. వాటిని శుభ్రపరచడానికి యంత్రం మళ్లీ సిరానే ఖర్చు చేస్తుంది. వారానికి ఒక చిన్న రంగుల బొమ్మ అయినా ముద్రించాలి. అలా వృథాగా పోయిన సిరాను పీల్చుకునే ప్యాడ్ నిండినప్పుడు యంత్రం ఆగిపోతుంది. దాన్ని మనమే మార్చుకోవచ్చునా, సర్వీస్ కేంద్రానికి మోసుకెళ్లాలా అన్నది కొనేముందే అడగాలి.

ఇక గిట్టుబాటు లెక్క. యంత్రం 40,000 రూపాయలు, ఐదేళ్లు పనిచేస్తుందని అనుకుందాం. ఏటా 20 చిత్రాలు తీస్తే ఒక్కోదానిపై యంత్రం వాటాయే 400 రూపాయలు. సిరా, కాగితం దీనికి అదనం. ఏటా 200 తీస్తే ఆ వాటా 40 రూపాయలకు దిగుతుంది. నెలకు ఒకటి రెండు చిత్రాలతో సరిపెట్టుకునేవారు స్టూడియోకో, ల్యాబ్‌కో వెళ్లడమే లాభం.

ఎంత మంచి యంత్రమైనా లేని వివరాన్ని సృష్టించలేదు. వాట్సాప్‌లో చేతులు మారి 1600 పిక్సెళ్ల పొడవుకు కుదించుకుపోయిన ఫొటోను 19 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 84 పిక్సెళ్లే మిగులుతాయి, ముఖం మసకబారుతుంది. అదే నాలుగు, ఆరు అంగుళాల పాత ఫొటోను 600 డీపీఐతో స్కాన్ చేస్తే అంగుళానికి దాదాపు 190 వస్తాయి. గోడపై, నాలుగడుగుల దూరం నుంచి చూడడానికి అది సరిపోతుంది.

ఆ స్కాన్‌నే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని దుకాణానికి వెళ్లి, కొనదలచిన యంత్రంపై ఒక మాదిరి ప్రతి తీయమని అడగండి. కంపెనీ ఇచ్చే పూలతోటల నమూనాలు ఏ యంత్రంలోనైనా బాగానే ఉంటాయి. మీ చిత్రంలోని తెల్ల పంచె మడతలు, నీడలో ఉన్న చెంప ఎలా వచ్చాయో పగటి వెలుతురులోకి తెచ్చి చూడండి.