మారని చిరునామా

ఊరికి పేరు, ఇంటికి సంఖ్య ఉన్నట్లే అంతర్జాలంలోని ప్రతి పుటకూ ఒక చిరునామా ఉంటుంది. దీనినే యూఆర్‌ఎల్ అంటారు. 1989లో టిమ్ బెర్నర్స్‌లీ ప్రతిపాదించిన వరల్డ్ వైడ్ వెబ్‌కు ఈ చిరునామాలే ఆధారం. ఇల్లు మారినవారికి పాత చిరునామాకు రాసిన ఉత్తరం చేరదు. అట్లే పుట చిరునామా మారితే పాఠకునికి '404' అనే దోష సంఖ్య మాత్రమే దర్శనమిస్తుంది.

కర్నూలు జిల్లా పశ్చిమ భాగాన, ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల ప్రాంతంలో, మంత్రాలయం మండలంలో మాధవరం అనే గ్రామం ఉంది. కడప జిల్లా సిద్ధవటం మండలంలో నేతచీరలకు పేరుగాంచిన మాధవరం మరొకటి. చెన్నై నగరంలో ఇంకొక మాధవరం. గ్రామాల వివరాలు తెలిపే వెబ్ అనువర్తనంలో కేవలం 'మాధవరం' అని చిరునామా పెడితే అది ఏ ఊరిదో బోధపడదు. 2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియాలో ఇటువంటి ఊళ్ళ పేర్ల పక్కన మండలం పేరును చేర్చుతారు. ఒకే పేరుగల వాటినన్నింటినీ చూపే పుటను 'అయోమయ నివృత్తి' పుట అంటారు.

మరి జిల్లా పేరును చేర్చవచ్చునా? 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుండి విడివడి నంద్యాల జిల్లా ఏర్పడింది. అంతవరకు 'కర్నూలు/ఆళ్ళగడ్డ' అని ఉన్న చిరునామా ఆనాటితో అసత్యమవుతుంది. దానిని మార్చితే పాత లంకెలు తెగుతాయి. మార్చకపోతే చదువరి పొరబడతాడు. మండలాలూ శాశ్వతం కావు. అవి 1985లో తాలూకాల స్థానంలో వచ్చినవే. కనుక మారే అవకాశమున్న అంశాలను చిరునామాలో ఎంత తక్కువగా చేర్చితే అంత మేలు. మంచి చిరునామా మారరాదని బెర్నర్స్‌లీ 1998లోనే హితవు పలికాడు.

ఇందుకొక ఉపాయం ఉంది. 'గ్రామాలు/4817/మాధవరం' అనే చిరునామాను ఊహించుకుందాం. సర్వరు 4817 అనే సంఖ్యను బట్టి పుటను వెదకుతుంది. పేరు మనిషి చదువుకొనుటకు మాత్రమే. ఒక ఊరికి ఇచ్చిన సంఖ్యను మరొక ఊరికి ఎన్నడూ ఇవ్వరాదు. చిరునామాను మార్చక తప్పనప్పుడు పాతదాని నుండి కొత్తదానికి దారిమార్పు ఏర్పరచాలి. ఆ మార్పు శాశ్వతమని తెలిపే సంకేతం '301'.

తెలుగు లిపిలో మరొక చిక్కు ఉంది. 'మాధవరం' అనే పదంలో కంప్యూటరు లెక్కకు ఆరు సంకేతాలు ఉన్నాయి. ఒక్కొక్కటి మూడు బైట్లు. ఒక్కొక్క బైటు చిరునామాలో మూడు గుర్తులుగా మారుతుంది. అందువలన ఆ చిన్న పేరు ఒక్కొక్కప్పుడు 54 గుర్తుల వరుసగా కనిపిస్తుంది. పంపేటప్పుడు ఆ వరుస మధ్యలో తెగినా, ముందున్న సంఖ్య దారి చూపుతుంది.

ఉపకారవేతన ప్రకటనలోనో, పాఠ్యపుస్తకంలోనో ఒకసారి అచ్చయిన చిరునామాను తిరిగి సవరించడం ఎవరి తరమూ కాదు. దానిని నమ్మి వచ్చిన విద్యార్థి గడువు దాటకముందే సరైన పుటను చేరాలి. చిరునామా నిర్మించేవారు మరువరాని బాధ్యత ఇదే.