బీటీ పత్తి అయినా కాయ కోసి చూడాల్సిందే

'పాతికేళ్ల నుంచి పత్తి వేస్తున్నా, నాకు కొత్తగా చెప్పేదేముంది?' అనే రైతు ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. అనుభవం గొప్పదే, కాదనం. అయితే పత్తిలో నేర్చుకున్న పాఠాలకు కూడా గడువు ఉంటుంది.

1980ల్లో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చిన కొత్తలో పురుగు ఇట్టే రాలిపోయేది. అదే మందు పదేపదే కొట్టేసరికి తెల్లదోమ విరుచుకుపడింది, శనగపచ్చ పురుగు మందుకు లొంగడం మానేసింది. 2002లో బీటీ, 2006లో రెండు జన్యువుల బీజీ-2 వచ్చాయి. 'బీటీకి కాయతొలుచు పురుగు రాదు' అన్నది ఆ రోజుల్లో నిజమే. గులాబీ రంగు పురుగు విషయంలో ఇప్పుడది నిజం కాదు. విషాన్ని తట్టుకున్న కొద్ది పురుగులే పిల్లల్ని పెట్టుకుంటూ వచ్చాయి. గట్ల వెంట వేయమని ప్యాకెట్టుతో ఇచ్చిన నాన్ బీటీ విత్తనాన్ని చాలామంది పారేశారు. అది ఉత్తినే ఇచ్చింది కాదు, బీటీ విషానికి లొంగే పురుగులు కూడా కొన్ని మిగిలి వాటితో కలవాలని.

ఈ పురుగుతో చిక్కేమిటంటే, గుడ్డు పగిలిన వెంటనే కాయలో దూరుతుంది, రంధ్రం పూడిపోతుంది. పైకి కాయ నిగనిగలాడుతూనే ఉంటుంది. తీరా పత్తి తీసేటప్పుడు గుడ్డికాయ, రంగు మారిన దూది. అందుకని విత్తిన 45 రోజుల నుంచి ఎకరాకు 4 లింగాకర్షక బుట్టలు పెట్టండి. బుట్టకు రాత్రికి 8 చొప్పున వరుసగా మూడు రోజులు రెక్కల పురుగులు పడితే మందు కొట్టాల్సిందే. పూరేకులు విచ్చుకోకుండా ముడుచుకున్న గుడ్డిపూలు కనబడితే ఏరి నాశనం చేయండి. తోటలో అక్కడక్కడా 20 పచ్చికాయలు కోసి చూడండి. రెండింటిలో పురుగున్నా ఆలస్యం వద్దు. ఏ మందు, ఎంత మోతాదన్నది వ్యవసాయాధికారిని అడగండి. దుకాణంలో ఇచ్చిన మూడు మందులు కలిపి కొట్టడం ఖర్చుకే తప్ప పంటకు కాదు.

డిసెంబరు దాటాక నీరు పెట్టి ఇంకో తీత తీద్దామనే ఆశ అందరికీ ఉంటుంది. ఆ రెండు క్వింటాళ్ల కోసం వచ్చే ఏటి పురుగును మనమే మేపుతున్నాం. కట్టె పీకి ముక్కలు చేసి భూమిలో కలియదున్నండి, పొలంలో కుప్ప వేయకండి. జిన్నింగు మిల్లుల పక్కన పొలాలున్నవారు బుట్టలు ఇంకాస్త ముందే పెట్టుకోవాలి. నిల్వ పత్తిలోంచి, గింజల్లోంచి వచ్చే రెక్కల పురుగులు మొదట వాలేది వాళ్ల తోటల మీదే.