పేరాల ఎండల్లో ప్రాసెసర్ వేడి: కొన్ని విశేషాలు

లిక్విడ్ కూలింగ్ ఎంత ఖరీదైనదైనా ప్రాసెసర్‌ను గది గాలికన్నా చల్లగా ఉంచలేదు. రేడియేటర్ చేసేదల్లా నీళ్ళలోకి చేరిన వేడిని తెచ్చి ఆ గదిలోనే వదలడం. ఓవర్‌క్లాకింగ్ చేసేవాళ్ళు, అంటే ప్రాసెసర్‌ను దాని నిర్ణీత వేగానికి మించి నడిపేవాళ్ళు, ముందుగా గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇదే. 22 డిగ్రీల ఏసీ గదిలో పరీక్షించి 72 డిగ్రీలు వచ్చిందని ఎవరో చెబుతారు. అదే యంత్రాన్ని మే నెల మధ్యాహ్నం, చీరాల పక్కనున్న పేరాలలో, ఏసీ లేని 36 డిగ్రీల గదిలో నడిపితే దాదాపు 86 చూపిస్తుంది. అందులో కూలర్ తప్పేమీ లేదు. రెండు చోట్లా గదికీ ప్రాసెసర్‌కూ తేడా 50 డిగ్రీలే. అందుకే కంప్యూటర్ పక్కన గోడకు ఒక మామూలు థర్మామీటర్ తగిలించి, తెర మీది అంకెలోంచి గది వేడిని తీసేసి చూడాలి. ఒకే పనికి ఆ తేడా నెలనెలా పెరుగుతోందంటే రేడియేటర్లో దుమ్ము చేరిందనో, థర్మల్ పేస్టు ఎండిపోయిందనో, పంపు నీరసించిందనో అనుమానించాలి.

వాతావరణ శాఖ కూడా సాధారణంగా ఒక్క అంకె చూసి తీర్పు చెప్పదు. వడగాడ్పు అనాలంటే మైదానాల్లో 40 డిగ్రీలు చేరాలి, మన తీరంలో 37 చాలు. అయితే 45 డిగ్రీలు చేరితే తప్ప, అది ఆ రోజుకు మామూలుగా ఉండేదానికంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువై ఉండాలి.

పరీక్ష మొదలుపెట్టిన రెండో నిమిషంలోనే కనిపించే చల్లదనాన్ని నమ్మకూడదు. నీళ్ళు నెమ్మదిగా వేడెక్కుతాయి. లీటరు నీళ్ళున్న గొట్టాల్లోకి ప్రాసెసర్ 250 వాట్ల వేడి పోస్తుంటే, రేడియేటర్ అసలేమీ వదలకపోయినా, నీళ్ళ వేడి నిమిషానికి సుమారు మూడున్నర డిగ్రీలకు మించి పెరగదు. రేడియేటర్ వదిలేకొద్దీ ఆ పెరుగుదల ఇంకా మందగిస్తుంది. నీళ్ళ వేడి ఒకచోట నిలబడడానికి పావుగంటో అరగంటో పడుతుంది. ఆ తర్వాత చూసిన అంకే అసలు అంకె.

గోదావరి ఒడ్డున కొవ్వూరులో పుట్టిన రాజా కోడూరి ఏఎండీ గ్రాఫిక్స్ విభాగానికి అధిపతిగా ఉన్నప్పుడు, 2017లో, వేగా 64 అనే గ్రాఫిక్స్ కార్డు వచ్చింది. ఒకే చిప్‌ను గాలితో చల్లబడే కార్డుగానూ, లిక్విడ్ కూలింగ్ కార్డుగానూ అమ్మారు. మొదటిదానికి బూస్ట్ వేగం 1546 మెగాహెర్ట్జ్, కరెంటు 295 వాట్లు. రెండోదానికి 1677 మెగాహెర్ట్జ్, 345 వాట్లు. అంటే ఎనిమిదిన్నర శాతం వేగం కోసం పదిహేడు శాతం కరెంటు! కంపెనీవాళ్ళే చేసి చూపించిన ఓవర్‌క్లాకింగ్ లెక్క ఇది. నాకైతే ఈ విషయంలో ఇంతకన్నా మంచి పాఠం కనబడలేదు.

వేగం పెరిగినంతే వేడి పెరిగి ఊరుకోదు, దానికి కారణం వోల్టేజి. వేడి వేగంతో సమంగానూ, వోల్టేజి వర్గంతోనూ పెరుగుతుంది. 4.5 గిగాహెర్ట్జ్ నుంచి 5కు వెళ్ళడానికి 1.20 వోల్టులను 1.35 చేశారనుకోండి. వేగంలో లాభం పదకొండు శాతం, వేడి మాత్రం నలభై శాతం ఎక్కువ.

తెర మీది అంకె కూడా ఒక్కోసారి అసలు వేడి కాదు. 2017లో వచ్చిన ఏఎండీ రైజెన్ 1800ఎక్స్, 1700ఎక్స్ ప్రాసెసర్లు ఉన్నదానికి 20 డిగ్రీలు కలిపి చూపించేవి. ఫ్యాన్లు అన్ని మోడళ్ళలోనూ ఒకే తీరుగా తిరగాలని ఏఎండీ కావాలనే పెట్టిన ఏర్పాటు అది. ఆ సంగతి తెలియక 38 డిగ్రీల ప్రాసెసర్‌ను 58 అనుకుని బెంగపడ్డవాళ్ళు ఉన్నారు.

రైజెన్ 7950ఎక్స్‌ది ఇంకో రకం. బరువైన పని ఇస్తే అది 95 డిగ్రీల దాకా వెళ్ళి అక్కడే నిలబడేలా తయారైంది. మంచి కూలర్ పెడితే వేడి తగ్గకపోవచ్చు, వేగం పెరుగుతుంది. కొత్త కూలర్ దండగైందని అనుకునేముందు గిగాహెర్ట్జ్ అంకె చూడాలి. అదే తరానికి చెందిన 7800ఎక్స్3డీకి హద్దు 89 డిగ్రీలే. ఇంటెల్ 14900కెకి 100. ఏ చిప్ హద్దు దానిదే.

మన తీరంలో ఉక్కపోతను మరిచిపోతే ప్రమాదం. మామూలు లిక్విడ్ కూలింగ్‌లో గొట్టాల మీద చెమ్మ పట్టదు, ఎందుకంటే నీళ్ళు గదికన్నా చల్లబడవు. నీళ్ళను గదికన్నా చల్లబరిచే చిల్లర్ తగిలిస్తే మాత్రం లెక్క మారుతుంది. 34 డిగ్రీల గదిలో తేమ 70 శాతం ఉంటే దాదాపు 28 డిగ్రీలకే గాలిలోని తేమ నీటిబొట్లుగా దిగుతుంది. 20 డిగ్రీల నీళ్ళు పారించారంటే మదర్‌బోర్డు మీద చుక్కలు రాలినట్టే. తేమను దూరం పెడితే ఏమవుతుందో చూపే ఉదాహరణ ఒకటుంది. స్కాట్లండ్‌లోని ఆర్క్‌నీ దీవుల దగ్గర మైక్రోసాఫ్ట్ 2018లో సముద్రం అడుగున దించి, 2020లో పైకి తీసిన 864 సర్వర్ల డబ్బాలో మామూలు గాలికి బదులు పొడి నైట్రోజన్ నింపారు. నేల మీది సర్వర్లతో పోలిస్తే అందులో పాడైనవి ఎనిమిదో వంతే. తేమ, ఆక్సిజన్ లేకపోవడం అందుకు ఒక కారణమని వాళ్ళు భావించారు.

వేడి హద్దులో ఉంటే చిప్ క్షేమమనీ అనలేం. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లు కొన్ని మంచి కూలర్ల కిందే దెబ్బతిన్నాయి. అవసరానికి మించి అందిన వోల్టేజి అందుకు ముఖ్య కారణమని తేల్చి, 2024 ఆగస్టులో ఇంటెల్ కొత్త మైక్రోకోడ్ ఇచ్చింది.

సంక్రాంతి రోజుల్లో పరీక్షించి ఖాయం చేసుకున్న ఓవర్‌క్లాక్ రోహిణి కార్తెలో తడబడడం మామూలే. గది వేడి పెరిగిన మేరకు చిప్ వేడెక్కుతుంది, వేడెక్కిన చిప్ అదే వోల్టేజికి మరికొంత కరెంటు లాగుతుంది, దాంతో ఇంకాస్త వేడెక్కుతుంది. జనవరిలో 24 డిగ్రీల గదిలో 88 దగ్గర నిలిచిన ఇంటెల్ చిప్, మేలో 36 డిగ్రీల గదిలో సరిగ్గా 100 హద్దును తాకి తనంతట తానే వేగం తగ్గించేసుకుంటుంది. పేరాల, చీరాల వైపు ఏసీ లేకుండా నడిపేవాళ్ళు చలికాలపు పరీక్షలో 80 దాటకుండా చూసుకుంటే ఎండాకాలానికి చోటు మిగులుతుంది.