వెండి చారల ఈగ: ఫోటో చెప్పేదెంత?

భిలాయి టౌన్‌షిప్ క్వార్టర్ల పెరట్లో రాలిన జామపండుపై ముసిరే చిన్న ఈగల్ని ఫోన్‌తో దగ్గరగా ఫోటో తీసి చూడండి. ఎర్రటి కళ్లు, తల నుంచి వీపు మీదుగా నల్ల అంచులున్న తెల్లని చారలు కనిపిస్తే అది జాప్రియోనస్ ప్రజాతి.

మరి ఏ జాతి? పైనుంచి తీసిన ఫోటో అక్కడే ఆగిపోతుంది. ముందుకాళ్ల తొడలు కనిపించాలి. జాప్రియోనస్ ఇండియానస్‌కు అక్కడ చీలిన ముళ్ల వరుస ఉంటుంది. దాని దాయాది ట్యూబర్‌క్యులేటస్‌కైతే చిన్న బుడిపె. మరీ దగ్గరి జాతులైతే మగ ఈగ జననాంగాలను మైక్రోస్కోపు కింద చూడక తప్పదు.

పేరులో ఇండియా ఉన్నా ఇండియానస్ పుట్టిల్లు ఆఫ్రికా. 1970లో గుప్తా మన దేశపు నమూనాలతో వర్ణించడంతో ఆ పేరొచ్చింది. 1999లో బ్రెజిల్‌లో బయటపడి అంజూర తోటలను దెబ్బతీసింది. పండు కుళ్లేదాకా ఆగదు మరి, చెట్టు మీదే అంజూరం రంధ్రం దగ్గర గుడ్లు పెట్టేస్తుంది. అనుమానమొస్తే ఫోటోతో సరిపెట్టకుండా ఈగనూ ఆల్కహాల్ సీసాలో దాచండి.