గుట్టు వేరు... లెక్క వేరు!

ఉపాధి హామీ పనికి ఎవరొచ్చారో, ఎవరికెంత కూలి ముట్టిందో గ్రామసభలో చదివితే? రాని మనిషి పేరున సొమ్ము కాజేసిన సంగతి అక్కడే బయటపడుతుంది. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన సామాజిక తనిఖీలు చేసింది అదే. మస్టర్లు పైకి చదివితేనే లెక్క తేలింది!

మరి అదే కాగితంలో కూలీల బ్యాంకు ఖాతా నంబర్లూ జబ్బుల వివరాలూ ఉంటే? అవి ఊరందరికీ ఎందుకు? చిక్కంతా ఇక్కడే.

2005 నాటి సమాచార హక్కు చట్టం ఈ రెంటి మధ్యా గీత గీసింది. ప్రజా వ్యవహారాలతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కర్లేదంది. చట్టసభలకు కాదనలేనిది పౌరుడికీ కాదనకూడదంది. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో తీర్పిచ్చిన సుప్రీంకోర్టు, తమ ప్రధాన న్యాయమూర్తి కార్యాలయం సమాచార హక్కు పరిధిలోకే వస్తుందని 2019లో తేల్చింది.

ఆ గీత ఇప్పుడు జరిగింది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం(2023) తెచ్చిన సవరణ 2025 నవంబరులో అమల్లోకొచ్చింది. దాంతో సమాచారం 'వ్యక్తిగతం' అయితే చాలు, అధికారి నిరాకరించవచ్చు.

అలాగని దారి మూసుకుపోలేదు. ఉద్యోగుల నెల జీతాలూ రాయితీలు పొందినవారి వివరాలూ ఎవరూ అడక్కుండానే ప్రకటించాలన్న సెక్షన్ 4 అలాగే ఉంది. నష్టంకన్నా ప్రజా ప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వొచ్చన్న సెక్షన్ 8(2) కూడా. దరఖాస్తులో కారణం చెప్పాలని చట్టం అడగదు. కానీ ఆ ప్రయోజనమేంటో ఒక్క వాక్యం రాసి, లెక్కకు అక్కర్లేని సొంత వివరాలు వదిలేసి అడిగితే కాదనడం అంత తేలిక కాదు.