అరవై నలుగురి కౌంటీలో ఓటు ఎవరిది?

టెక్సస్‌లో 254 కౌంటీలు ఉన్నాయి. అందులో లవింగ్ కౌంటీ జనాభా 2020 లెక్కల ప్రకారం 64. విస్తీర్ణం మాత్రం 677 చదరపు మైళ్లు, అంటే దాదాపు 1,750 చదరపు కిలోమీటర్లు. మొత్తం అమెరికాలో ఇంతకన్నా తక్కువమంది ఉన్న కౌంటీ ఆ లెక్కల్లో మరొకటి లేదు. అయినా హూస్టన్ నగరమున్న 47 లక్షల జనాభా హారిస్ కౌంటీకి ఎలాంటి పాలనా చట్రం ఉందో, దీనికీ అదే ఉంది. కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు, షెరిఫ్, క్లర్కు, ట్రెజరర్, అటార్నీ, చిన్న తగాదాలు చూసే జస్టిస్ ఆఫ్ ద పీస్. అందరూ నాలుగేళ్లకోసారి ఓట్లడిగి గెలవాల్సినవాళ్లే.

నేనుండేది ఒడెస్సాలో. గ్యాస్ కంప్రెసర్ల మరమ్మతు నా పని. 302 హైవే మీద కెర్మిట్ దాటి లవింగ్ కౌంటీలోకి వెళ్తే కనిపించేది ఆయిల్ బావులు, మెస్కీట్ తుప్పలు, ఎదురొచ్చే ట్యాంకర్లు. కౌంటీ కేంద్రం మెంటోన్. అక్కడ 1935లో కట్టిన రెండంతస్తుల ఇటుక కోర్టుహౌస్ ఉంది. ఆసుపత్రి లేదు. బడి కూడా లేదు, పిల్లలు పక్క కౌంటీలోని వింక్ ఊరికి వెళ్తారు. మెంటోన్‌కు మున్సిపాలిటీ హోదా లేదు, మేయరూ లేడు. ఏ పని పడినా జనం పోవాల్సింది కౌంటీ దగ్గరికే.

కౌంటీ జడ్జి అనగానే మనవాళ్లు నల్లకోటు మనిషిని ఊహించుకుంటారు. నిజానికి ఆయన లా చదివి ఉండాల్సిన పనిలేదు, రాష్ట్ర చట్టం బాగా తెలిసినవాడైతే చాలంటుంది టెక్సస్ రాజ్యాంగం. చిన్న కౌంటీల్లో ఆయన కొన్ని కేసులు విచారిస్తారు, కానీ అసలు పని పాలన. నలుగురు కమిషనర్లతో కలిసి ఆయన కూర్చునే సభ పేరు కమిషనర్స్ కోర్టు. బడ్జెట్, పన్ను రేటు, రోడ్లు అక్కడే తేలతాయి. రాష్ట్రం చట్టం ద్వారా ఇచ్చిన అధికారాలే తప్ప కౌంటీకి సొంతంగా ఏ అధికారమూ ఉండదు. ఊరి బయట ఎక్కడ ఇల్లు కట్టాలో, ఎక్కడ ఫ్యాక్టరీ పెట్టాలో నిర్ణయించే హక్కు కూడా చాలావరకు లేదు. జనాభా పదివేలలోపు ఉన్న కౌంటీల్లో, ఓటర్లు వేరుగా పెట్టుకుంటే తప్ప, పన్నులు వసూలు చేసేది కూడా షెరిఫే. దొంగను పట్టుకునే మనిషే కారు రిజిస్ట్రేషన్ చేసి రశీదు ఇస్తాడన్నమాట.

ఈ కౌంటీ పుట్టుకలోనే ఓట్ల తగాదా ఉంది. ఆలివర్ లవింగ్ అనే పశువుల వ్యాపారి 1867లో పేకోస్ నది దగ్గర కొమాంచీ తెగవాళ్ల దాడిలో గాయపడి, ఆ గాయాలతోనే చనిపోయాడు. ఆయన పేరుమీద 1887లో కౌంటీని కాగితంపై గీశారు. 1893లో డెన్వర్ నుంచి కొందరు కాలువ కంపెనీ పెట్టి ఇక్కడికి వచ్చారు. అర్హులైన ఓటర్లవని చెప్పి 150 సంతకాలతో పిటిషన్ ఇచ్చారు, ఎన్నిక జరిపి 83 ఓట్లు పడ్డాయని చూపించారు. కౌంటీ ప్రభుత్వం ఏర్పడింది. మోసం బయటపడ్డాక 1897లో శాసనసభ దాన్ని రద్దుచేసి పక్కనున్న రీవ్స్ కౌంటీలో కలిపేసింది. 1900 లెక్కల్లో ఇక్కడ తేలిన జనం 33 మంది! 1920లలో ఆయిల్ పడ్డాక, 1931లో మళ్లీ కౌంటీ ప్రభుత్వం నిలబడింది. టెక్సస్‌లో రెండుసార్లు ఏర్పాటైన కౌంటీ ఇదొక్కటే.

టెక్సస్‌లో షెరిఫ్‌గా ఎన్నికైన తొలి మహిళ ఎడ్నా రీడ్ క్లేటన్ డివీస్ కూడా ఇక్కడివారే. 1945లో పదవిలోకి వచ్చారు, తుపాకీ పెట్టుకోలేదు, చేసిన అరెస్టులు రెండు. ఆ మాట చదివినప్పుడు నాకీ చోటు మీద అభిమానం కలిగింది, ఇప్పటికీ పోలేదు.

ఇక అసలు విషయం. 2020 అధ్యక్ష ఎన్నికల్లో ఇక్కడ ట్రంప్‌కు 60 ఓట్లు, బైడెన్‌కు 4, ఇతరులకు 2 పడ్డాయి. మొత్తం 66. అదే ఏడాది జనాభా లెక్క 64, అందులో పిల్లలూ ఉన్నారు. దీన్ని చూసి దొంగ ఓట్లని కేకలేయడం తేలిక. నేనలా అనను. టెక్సస్ ఎన్నికల చట్టంలో నివాసమంటే ఈ రాత్రి పడుకున్న చోటు కాదు. తాత్కాలికంగా ఎక్కడికి వెళ్లినా తిరిగి రావాలని మనసులో ఉన్న స్థిరమైన ఇల్లు. తాత ముత్తాతల పశువుల రాంచ్ ఇక్కడ ఉంటుంది, పిల్లల బడి కోసం కాపురం ఇంకో ఊళ్లో ఉంటుంది. వారాంతంలో వచ్చి దూడలకు మేత వేసి పోతారు. అలాంటి మనిషి ఓటు ఎక్కడ? ఇక్కడే అంటాడు ఆయన. కాదంటాడు ఏడాది పొడుగునా ఇక్కడి దుమ్ములో ఉండే పొరుగువాడు. ఇద్దరిలో అబద్ధం చెప్తున్నది ఎవరూ కాకపోవచ్చు.

హారిస్ కౌంటీలో ఇలాంటి ఓట్లు పది అటూ ఇటూ అయినా పదవులు మారవు. ఇక్కడ మారతాయి. కమిషనర్ పదవికి కౌంటీని నాలుగు భాగాలు చేస్తారు, ఒక్కో భాగంలో ఓటర్లు కొద్దిమందే. చాలామంది ఒకరికొకరు చుట్టాలు. బావ మీద బావమరిది, పినతల్లి కొడుకు మీద పెదతల్లి కొడుకు పోటీ చేసే చోట పార్టీ పేరుకే. అధ్యక్షుడికి రిపబ్లికన్లకు ఓటేస్తూ కూడా స్థానిక పదవులకు చాలాకాలం డెమోక్రాట్లుగానే నిలబడ్డారు. ఫలితం వచ్చాక ఓడినవాళ్లు ఫలానా వాళ్లు ఇక్కడ ఉండరంటూ కోర్టుకెక్కడం కూడా ఇక్కడ కొత్త కాదు.

బయటివాళ్ల కన్ను కూడా దీనిమీద పడింది. 2005-06 ప్రాంతంలో ప్రభుత్వ జోక్యం వద్దనే లిబర్టేరియన్లు కొందరు తమవాళ్లను తెచ్చి ఇక్కడ దింపి, ఓట్లతో కౌంటీని చేజిక్కించుకోవాలని చూశారు. భూమి కొన్నామని వాళ్లన్నారు, అమ్మకమే జరగలేదని షెరిఫ్ అన్నారు. ఆ ప్రయత్నం అక్కడితో ఆగింది. ఒక ఎన్నిక ఫలితాన్ని మార్చాలన్న ఉద్దేశంతో నివాసం ఏర్పరచుకోకూడదని రాష్ట్రం 2021లో చట్టం చేసింది. మనిషి ఉద్దేశాన్ని కోర్టులో రుజువు చేయడం ఎంత కష్టమో వేరే చెప్పాలా?

ఇంత పోటీ ఎందుకంటే, కింద ఆయిల్ ఉంది. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఆస్తిపన్ను అంతా స్థానిక సంస్థలదే. భూగర్భంలోని ఆయిల్, గ్యాస్ నిల్వలకు కూడా విలువకట్టి పన్ను వేస్తారు. బావులు పెర్మియన్ బేసిన్ అనే ఆయిల్ ప్రాంతంలోవి, కట్టేది పెద్ద కంపెనీలు, ఖర్చు పెట్టేది అరవై చిల్లర మంది ఎన్నుకున్న ఐదుగురు. స్కూల్ డిస్ట్రిక్ట్ సంగతి వేరు. ధనిక డిస్ట్రిక్టుల సొమ్ములో కొంత తీసి పేద బడులకు పంచే ఏర్పాటు 1993 నుంచి ఉంది. కౌంటీ డబ్బుకు అలాంటి ఏర్పాటు లేదు.

ఓసారి పని ముందే అయిపోతే కమిషనర్స్ కోర్టు సభకు వెళ్లి వెనక కుర్చీలో కూర్చున్నాను. తలుపు పక్కన బోర్డుకి అజెండా గుచ్చి ఉంది. కిందటి సభ మినిట్స్, బిల్లుల చెల్లింపు, రోడ్డుకు కలీచీ. కలీచీ అంటే ఇక్కడి తెల్లటి సున్నపు మట్టి, తవ్వి, గులకలా రోడ్డుకి పరుస్తారు. ట్యాంకర్లు వారంలో దాన్ని పిండి చేసేస్తాయి. ఏ లీజు రోడ్డు ఎవరి బాధ్యత, కంపెనీదా కౌంటీదా అని చాలాసేపు మాట్లాడుకున్నారు. ఒక కమిషనర్ జేబులోంచి నలిగిన కాగితం తీసి, ఏ గేటు దగ్గర ఎంత లోతు గుంట పడిందో అంగుళాల్లో చదివాడు. ఆయనే వెళ్లి కొలిచాడు. నన్నెవరూ నువ్వెవరని అడగలేదు. పౌరసత్వం ఉన్నా లేకపోయినా ఆ సభలో కూర్చోవచ్చు, అది అందరికీ తలుపులు తెరిచి ఉండే సభ.

ఇంత చిన్నదాన్ని పక్క కౌంటీలో కలిపేయమనే మాట అప్పుడప్పుడూ వింటుంటాను. నేను ఒప్పుకోను. గుంటను స్వయంగా కొలిచే మనిషిని పోగొట్టుకుని, పక్క కౌంటీలోని ఆఫీసును తెచ్చుకోవడం బాగుపడటం కాదు. కాకపోతే ఓటర్ల జాబితా నిజానిజాలు తేల్చే పని చుట్టాల చేతుల్లో ఉండకూడదు. ఎన్నికకు చాలా ముందే, బయటి కౌంటీ అధికారి ఎవరైనా ఒక్కో చిరునామా చూసి తేల్చాలి. ఓట్లు లెక్కపెట్టాక కోర్టుకెక్కితే అప్పటికే బంధుత్వాలు తెగిపోతాయి. కౌంటీ జమాఖర్చుల లెక్కలు కూడా బయటివాళ్లే తనిఖీ చేయాలి.

డల్లాస్, హూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్లకు ఒక మాట. ఏటా వచ్చే ఆస్తిపన్ను బిల్లులో కౌంటీ పేరుతో ఒక వరస ఉంటుంది, ఆ రేటు నిర్ణయించేది మీ కౌంటీలోని ఇలాంటి ఐదుగురే. అధ్యక్షుడి పేరు అందరికీ తెలుసు, మన కమిషనర్ పేరు మనలో ఎంతమందికి తెలుసు? వేసవిలో బడ్జెట్ సభలు జరుగుతాయి, అజెండా ముందే పెడతారు. ఈసారి ఒక ఉదయం సెలవు పెట్టి వెళ్లండి. ఓటు హక్కు వచ్చినవాళ్లు ఎన్నికకు 30 రోజుల ముందే రిజిస్టర్ అవ్వండి, బ్యాలెట్‌లో చివర ఉండే కౌంటీ పదవుల దాకా చదివి ఓటేయండి.