మనిషి మారినా గొడవ మారలేదు!

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఆర్కిటెక్చర్ అంటే సర్వర్లు, డేటాబేసులు. వీకెండ్స్‌లో నేను బిజినెస్ స్కూల్లో చదువుతున్న ‘ఆర్గనైజేషన్ డిజైన్’ కూడా ఆర్కిటెక్చరే, కాకపోతే మనుషులది. ఎవరు ఎవరికి రిపోర్ట్ చేయాలి, ఏ నిర్ణయం ఎవరిది, ఎవరి పనిని దేంతో కొలవాలి... ఇదీ సబ్జెక్టు. ‘డబ్బాలు గీసి గీతలు కలపడానికి ఇంత ఫీజా?’ అని ఇంట్లో అడిగారు. న్యాయమైన ప్రశ్నే!

కానీ డబ్బాలు గీయడం ఇందులో చిన్న పని. అమెరికన్ నిపుణుడు జే గాల్‌బ్రైత్ చెప్పిన ‘స్టార్ మోడల్’కి ఐదు కొసలుంటాయి. వ్యూహం, నిర్మాణం, పని నడిచే పద్ధతి, ప్రతిఫలం, మనుషులు. ఒకదాన్ని కదిపితే మిగతా నాలుగూ సర్దుకోవాలి. మనకు రీఆర్గ్ మెయిల్ వస్తే ఏమవుతుంది? మేనేజర్ పేరు మారుతుంది, ఇంక్రిమెంట్ లెక్క మాత్రం పాతదే.

నాకు బాగా నచ్చిన పాఠం మన ఫీల్డ్ మనిషిదే. మెల్విన్ కాన్వే అనే కంప్యూటర్ నిపుణుడు 1968లో ఓ వ్యాసం రాశాడు. ఒక సంస్థలో ఎవరితో ఎవరు మాట్లాడతారో, అది తయారుచేసే సిస్టమ్ కూడా అదే ఆకారంలో వస్తుందన్నాడు. ఒకచోట ఎనిమిది మందిలో ఐదుగురికి కోబాల్ కంపైలర్, ముగ్గురికి ఆల్గాల్ కంపైలర్ అప్పగించారట. మొదటిది ఐదు దశల్లో నడిచింది, రెండోది మూడు దశల్లో! తమాషా ఏంటంటే, ఆ వ్యాసాన్ని ముందు హార్వర్డ్ బిజినెస్ రివ్యూకి పంపితే నిరూపణ లేదని తిప్పికొట్టారు. తర్వాత ‘డేటామేషన్’ అనే కంప్యూటర్ పత్రిక వేసింది.

నేను ఇదివరకు చేసిన ఓ కంపెనీలో డెవలపర్ల రేటింగ్ ఎన్ని ఫీచర్లు ఇచ్చారన్నదాన్ని బట్టి, టెస్టర్ల రేటింగ్ ఎన్ని బగ్స్ పట్టారన్నదాన్ని బట్టి ఉండేది. మా టీమ్ టెస్టర్ చిన్న స్పెల్లింగ్ తప్పుకీ విడిగా ఒక బగ్ రాసేది. ప్రతి రిలీజ్ ముందు రోజూ యుద్ధమే. ‘యాటిట్యూడ్ ప్రాబ్లమ్’ అని ఫీడ్‌బ్యాక్ పడింది, ప్రమోషన్ ఆగింది, ఆమె మానేసింది. తర్వాత వచ్చిన అబ్బాయి ఎంత మెతకో! మూడు నెలలు తిరక్కుండా అతనూ స్పెల్లింగ్ తప్పులకి బగ్స్ రాయడం మొదలెట్టాడు.

స్టీవెన్ కెర్ అనే ప్రొఫెసర్ 1975లోనే దీని గురించి రాశాడు. కంపెనీలు ఒకటి ఆశిస్తూ, ఇంకోదానికి బహుమతి ఇస్తాయని. మా దగ్గరా అంతే. గోడమీద పోస్టర్ టీమ్‌వర్క్ అనేది, అప్రైజల్ షీట్ బగ్స్ లెక్కపెట్టేది. అలాగని ప్రతిదీ డిజైన్ మీదికి నెట్టేయలేం, పని ఎగ్గొట్టేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. కానీ ఆమె మాత్రం తన షీట్ చెప్పిన పనే చేసింది. ఆ షీట్ రాసినవాళ్లకి ఏ ఫీడ్‌బ్యాకూ పడలేదు.

ఈసారి ఇంటర్వ్యూలో ప్యాకేజీ మాట అయ్యాక ఇంకో రెండు అడగండి. నా పనిని దేంతో కొలుస్తారు? నాతో కలిసి పనిచేసే పక్క టీమ్‌ని దేంతో కొలుస్తారు? హెచ్‌ఆర్ తడబడితే, మీ మేనేజర్ కాబోయే మనిషినే అడగండి. రెండో ప్రశ్నకు జవాబు కాస్త శ్రద్ధగా వినండి.